దొబ్రోజా యాత్ర: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రుమేనియాకు తూర్పు కొసన, డాన్యూబ్ నదికీ నల్లసముద్రానికీ నడుమ ఉన్న నేల పేరు దొబ్రోజా. పడమట మచిన్ అనే పాత గ్రానైట్ గుట్టలు, మధ్యలో స్టెప్పీ అనే చెట్లు లేని గడ్డినేల, తూర్పున ఉప్పునీటి సరస్సులు, సముద్రం, ఉత్తరాన రెల్లు నిండిన డాన్యూబ్ డెల్టా. గైడు వెంట ఉండి ఎనిమిది తొమ్మిది రోజుల్లో ఇవన్నీ చూపించే యాత్రల గురించి పోయిన సంచికలో రాశాం. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగినవాళ్ళ ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మేమిద్దరం టీచర్లం. ఎండాకాలం సెలవుల్లో తప్ప కుదరదు. మే నెలలో పోతే ఏమైనా కనబడుతుందా, లేక చలికాలమే మంచిదా? – ఒక ఉపాధ్యాయిని, నల్లగొండ

మీ సెలవులు చక్కగా కలిసొచ్చాయి. ఈ యాత్రకు మే 10 నుంచి 25 వరకు ఉన్న రోజులను మించినవి లేవు. ఆఫ్రికాలో చలికాలం గడిపిన పాలపిట్ట జాతి పక్షులు, పసిరిక పిట్టలు ఏప్రిల్ ఆఖరుకో మే మొదటి వారానికో వచ్చేస్తాయి. ఎర్రకాళ్ళ డేగలు కూడా అప్పటికే దిగుతాయి. గడ్డి ఇంకా పచ్చగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి నేలమీది జంతువులు దాక్కోలేవు. జూన్ వచ్చిందంటే డెల్టాలో దోమలు లేస్తాయి, కొత్త రెల్లు మనిషిని మించి పెరిగి కాలువ పక్క ఏముందో కనబడనివ్వదు. జులై, ఆగస్టుల్లో స్టెప్పీ ఎండిపోతుంది. చలికాలంలో ఎర్రరొమ్ము బాతుల గుంపులు వస్తాయి గానీ అది వేరే యాత్ర, వేరే బట్టల మూట.

ఇంకో లాభం ఉంది. ఎండాకాలంలో వాళ్ళ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. వాళ్ళకు తెల్లవారుజామున 5 అయితే మన ఒంటికి ఏడున్నర. మొదటి మూడు నాలుగు రోజులు అలారం లేకుండానే మెలకువ వస్తుంది. మే నెల మధ్యలో అక్కడ పొద్దు పొడిచేది దాదాపు ఐదున్నరకు, గుంకేది రాత్రి ఎనిమిదిన్నరకు. మంచి గైడు 6 నుంచి 10 దాకా బయట తిప్పి, ఎండ వేళ కోటలు, మ్యూజియాలు చూపించి, సాయంత్రం 5 తర్వాత మళ్ళీ పక్షుల దగ్గరికి తీసుకుపోతాడు. ఏజెంటు ఇచ్చిన కాగితంలో రోజూ "8.30కు అల్పాహారం, 9.30కు బయలుదేరుట" అని ఉంటే అది పేరుకే వన్యప్రాణి యాత్ర. ఆ ఒక్క వరుస చదివితే చాలు, కంపెనీ ఎట్లాంటిదో తెలిసిపోతుంది.

రాత్రుల లెక్క ఇట్లా వేసుకోండి: మచిన్ గుట్టల దగ్గర 2, డెల్టాలో 3, తీరం, సరస్సుల దగ్గర 3. డెల్టాను చివరికి పెట్టుకోవద్దు, నడిమిట్లో పెట్టండి. గాలి గట్టిగా లేచిన రోజు పెద్ద సరస్సుల మీదికి చిన్న పడవలు పోవు. నడుమ ఉంటే ఆ రోజును తీరంలోని రోజుతో మార్చుకోవచ్చు. చివర ఉంటే పోయింది పోయినట్టే. ఇంకొకటి, అక్కడి మ్యూజియాల్లో చాలా వరకు సోమవారం మూసి ఉంటాయి.

ప్రశ్న: మా జొన్న చేన్లమీదికి చలికాలంలో గులాబీ రంగు పలిస పిట్టలు గుంపులు గుంపులుగా వాలేవి. పత్తి వచ్చినంక తగ్గినయి. అవి ఆ దేశం నుంచే వస్తాయంటారు, నిజమా? – ఒక రైతు, దేవరకద్ర

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. తూర్పు యూరప్ నుంచి మధ్య ఆసియా దాకా పరుచుకున్న గడ్డినేలలు పలిస పిట్టల పుట్టిళ్ళు. దొబ్రోజా ఆ పట్టీకి పడమటి చివర. మీ చేన్లో వాలిన పిట్ట సరిగ్గా అక్కడిదేనని చెప్పలేం, ఆ పట్టీలో ఎక్కడిదైనా కావచ్చు. కానీ దాని పెళ్ళిబట్టలు చూడాలంటే మాత్రం అట్లాంటి చోటికే పోవాలి. మన దగ్గరికి వచ్చినప్పుడు మాసిన రంగుతో కనిపించే పిట్ట మే ఆఖరుకు ముదురు గులాబీ ఒంటితో, నిగనిగలాడే నల్లటి జుత్తుతో ఉంటుంది.

అయితే ఇది ఏటా దొరికే దృశ్యం కాదు. మిడతలు బాగా పుట్టిన ఏడాదే అవి దొబ్రోజాలో ఆగుతాయి. అప్పుడు రాళ్ళకుప్పల్లో, క్వారీల సందుల్లో వేల జంటలు ఒక్కచోటే గూళ్ళు పెడతాయి. గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్ల ఎగిరేదాకా అంతా ఆరు వారాల్లో ముగించుకొని వెళ్ళిపోతాయి. మిడత లేకపోతే ఆ ఏడు అటువైపు చూడనైనా చూడవు. "రోజీ స్టార్లింగ్ గ్యారంటీ" (అంటే ఈ పలిస పిట్టే) అని ఏ ఏజెంటైనా రాసిస్తే నమ్మవద్దు.

తప్పక కనబడేది ఇంకొకటి ఉంది, నల్లతల బంటింగ్. పసుపు రొమ్ము, నల్ల టోపీ, పిచ్చుకకన్నా కొంచెం పెద్దది. ఈ జాతి మొత్తం చలికాలానికి చేరేది మన దేశపు పడమటి, నడిమి ప్రాంతాల పంటచేన్లకే. కాబట్టి దొబ్రోజాలో తీగమీద కూర్చొని పాడే ఆ పిట్ట దారిలో ఆఫ్రికా వైపు మళ్ళకుండా నేరుగా మన దిక్కుకే వస్తుంది. కంకి మీద దాన్ని తరిమినవాళ్ళకు అక్కడ దాని పాట వినడం వేరే అనుభవం. ఇక్కడ అది పాడదు.

పాలపిట్ట సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రపక్షికి అక్కడ ఉండేది దాయాది. తల, రొమ్ము, పొట్ట అంతా లేత నీలం, వీపు ఇటుక రంగు. మన పిట్టకు రొమ్ము మీద ఉండే గోధుమరంగు చారలు దానికి ఉండవు. గాలి కొట్టుకొచ్చి పేర్చిన పసుపుపచ్చ మెత్తమట్టి గట్లు, లోయెస్ అంటారు, అక్కడ ఎక్కువ. ఆ నిలువు గట్ల బొరియల్లో ఇదీ, పసిరిక పిట్టలూ పక్కపక్కనే కాపురం పెడతాయి. గట్టుకు ఎదురుగా 50 మీటర్ల దూరంలో వ్యాను ఆపి, లోపలే కూర్చొని చూడాలి. గట్టు పైఅంచున నడిస్తే మట్టి జారి బొరియ పూడుతుంది.

ప్రశ్న: మా నాయినకు 70 ఏండ్లు, మోకాళ్ళ నొప్పి, షుగర్. ఆయనను తోలుకపోవచ్చా? పడవ ఎక్కుడు దిగుడు ఎట్లుంటది? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

తీసుకుపోవచ్చు, పడవ చూసి ఎంచుకుంటే. డెల్టాలోకి తుల్చా పట్నం నుంచి బయలుదేరాలి. అక్కడ నది కిలియా, సులీనా, స్ఫింతు గెయోర్గె అని మూడు పాయలవుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న సులీనా పట్నానికి రోడ్డు లేదు. తుల్చా నుంచి దాదాపు 70 కిలోమీటర్లు నీళ్ళమీదే పోవాలి. పెద్ద ప్రయాణికుల ఓడలో నాలుగు గంటలు, మరుగుదొడ్డి ఉంటుంది, లేచి తిరగొచ్చు. స్పీడుబోటు గంటన్నరలో చేరుస్తుంది గానీ అలకు అలకు ఎగిరి పడుతుంది. నడుము, మోకాళ్ళు బాగాలేనివాళ్ళకు అది వద్దే వద్దు.

పెద్దవాళ్ళకు అన్నిటికన్నా సుఖం తేలే హోటల్. గదులున్న బల్లకట్టును టగ్గు లాక్కుపోతుంది. దాని పక్కకే చిన్న పడవ వచ్చి ఎక్కించుకొని కాలువల్లో తిప్పి తెస్తుంది. మూట సర్దే పని లేదు, ఒంట్లో బాగాలేకపోతే ఒక పూట డెక్ మీదే కూర్చున్నా పక్షులు కనబడతాయి. బుక్ చేసేటప్పుడు మూడు మాటలు అడగండి: భోజనాల డెక్‌కూ గదికీ మధ్య మెట్లు ఎన్ని (అవి నిచ్చెనంత నిటారుగా ఉంటాయి), జనరేటర్ రాత్రి ఎన్నింటికి ఆపుతారు, గది దానికి ఎంత దూరం.

అసలు ఇబ్బంది నడక కాదు. చిన్న పడవలో మరుగుదొడ్డి ఉండదు, ఒక చుట్టు మూడు గంటలు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఇది పెద్ద సంగతే. ప్రతి గంటన్నరకూ ఊరి రేవులో ఆపాలని ముందే రాసి ఒప్పుకునేలా చేయండి. ఉదయం 6 గంటలకు నీళ్ళమీద గాలి 10 డిగ్రీల చలిగా తగులుతుంది. మంకీ క్యాప్, గాలి దూరని జాకెట్ కావాలి. మందులు యాత్ర మొత్తానికి సరిపడా, చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టండి. డెల్టా పల్లెల్లో మందుల దుకాణం ఉంటుందని లెక్క వేసుకోవద్దు. అత్యవసర నంబరు 112.

మచిన్ గుట్టల్లో ఎత్తైన శిఖరం 467 మీటర్లే, మన గుట్టలు ఎక్కినవాళ్ళకు లెక్కలోది కాదు. అయినా దారి విడిరాళ్ళ మీద కాబట్టి, నాయినను కింద గడ్డినేలలో సూస్లిక్‌ల దగ్గర కూర్చోబెట్టండి. సూస్లిక్ అంటే నేలబొరియల్లో ఉండే ఉడత. ఉదయం 8 తర్వాత బయటికొచ్చి వెనక కాళ్ళమీద నిలబడి చూస్తుంది. వ్యాను దిగితే ఈల వేసి మాయం. దిగకపోతే కిటికీకి పది మీటర్ల దాకా వస్తుంది. ఈ ఒక్కచోట మాత్రం మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళదే పైచేయి.

ప్రశ్న: నా దగ్గర 100-400 లెన్సు ఉంది. గూడబాతుల గూళ్ళను దగ్గరి నుంచి తీయాలి. అనుమతి ఎట్లా? బైనాక్యులర్ 10 రెట్లది కొనాలా, 8 రెట్లదా? – ఒక ఫొటోగ్రాఫర్, సూర్యాపేట

గూళ్ళ దగ్గరికి అనుమతి లేదు. యూరప్‌లోకెల్లా పెద్ద తెల్ల గూడబాతుల కాలనీ డెల్టా ఉత్తరాన రోష్క-బుహయోవా కట్టుదిట్టపు రక్షిత భాగంలో ఉంది. పర్యాటకులను లోపలికి పోనివ్వరు. కారణం చాదస్తం కాదు. పడవకు బెదిరి తల్లిపక్షి లేస్తే, ఒంటిమీద ఈక లేని పిల్ల కొద్దిసేపట్లోనే ఎండకు మాడుతుంది. మిగతా డెల్టాలో తిరగడానికి కూడా బయోస్ఫియర్ రిజర్వ్ ప్రవేశ అనుమతి చీటీ కొనాలి. యాత్రలో కలిపి ఉందో లేదో అడగండి. డ్రోన్ ఇంట్లో పెట్టి పోండి.

కాలనీకి పోకుండానే మంచి ఫొటోలు వస్తాయి. తెల్ల గూడబాతులు పొద్దున్నే సరస్సుల్లో గుర్రపులాడం ఆకారంలో వరుసకట్టి, చేపలను తోలుకుంటూ అందరూ ఒక్కసారే మూతులు ముంచుతాయి. 9, 10 గంటలకు నేల వేడెక్కాక వేడిగాలి ఎత్తిన చోట గిరగిరా తిరుగుతూ పైకి పోతాయి. అంతలోపే పడవ నీళ్ళమీద ఉండాలి. రెండు జాతులు ఉంటాయి. ఎగిరేటప్పుడు రెక్క కింద వెనక సగం నల్లగా ఉంటే తెల్ల గూడబాతు. రెక్క కింద అంతా బూడిదతెలుపుగా, మెడ వెనక ఈకలు రింగులు తిరిగి ఉంటే డాల్మేషియన్, అది తక్కువ.

పడవలో ట్రైపాడ్ పెడితే ఇంజిన్ అదురు కాళ్ళగుండా లెన్సుకే చేరుతుంది. చేత్తో పట్టుకోండి, ఇంజిన్ ఆపించి పడవను వాలుకు వదలమనండి, షట్టర్ 1/1600కు తగ్గనివ్వద్దు. ముదురు నీళ్ళమీద తెల్ల పక్షి కాబట్టి కెమెరా ఎక్కువ వెలుతురు తీసుకొని ఈకల గీతలను మింగేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ముప్పాతిక నుంచి ఒక స్టాప్ దాకా తగ్గించండి. బైనాక్యులర్ 8x42 తీసుకోండి. 10 రెట్లది బొమ్మతోపాటు చేతి వణుకునూ పడవ ఊపునూ పెద్దది చేస్తుంది. కళ్ళద్దాలు ఉంటే ఐ రిలీఫ్ (కన్ను అద్దానికి ఎంత దూరంలో ఉన్నా బొమ్మ పూర్తిగా కనబడుతుందో ఆ దూరం) 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. దూరం చూడటానికి టెలిస్కోప్ గైడు తెస్తాడు. తేకపోతే వాడు పక్షుల గైడు కాదు. పవర్‌బ్యాంకులు చేతిసంచిలోనే, 100 వాట్-అవర్లకు లోపు. 20,000 ఎంఏహెచ్‌ది 74 దాకా అవుతుంది, ఇబ్బంది లేదు.

ప్రశ్న: మేం శాకాహారులం. డెల్టాలో అంతా చేపలేనట కదా. పచ్చళ్ళు, నెయ్యి, మామిడిపండ్లు తీసుకపోవచ్చా? – ఒక గృహిణి, వనపర్తి

నెయ్యి వద్దు. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. కోవా, పెరుగు కూడా అంతే. మామిడిపండ్లకు, పచ్చి కరివేపాకుకు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా దారి లేదు. అరటి, అనాస, కొబ్బరి, ఖర్జూరం, దురియన్ మాత్రమే మినహాయింపు. ఆవకాయ, కారప్పొడి, అటుకులు, సత్తుపిండి పట్టుకుపోండి. పచ్చడిని సీసాలో కాదు, సీల్ చేసిన ప్యాకెట్లలో, పెద్ద సూట్‌కేసులో పెట్టాలి. చేతిసంచిలో ఉంటే నూనె పదార్థమని తీసేస్తారు.

అక్కడ చెప్పాల్సిన మాట "దె పోస్త్". వాళ్ళ చర్చి ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. ఆ వంటను దె పోస్త్ అంటారు. ఏ పల్లె వంటింట్లోనైనా అర్థమవుతుంది, "వెజిటేరియన్" అంటే మాత్రం చేప పెట్టే ప్రమాదం ఉంది. మొక్కజొన్న పిండితో చేసే మమలీగ మన సంకటి లాంటిదే, కారప్పొడితో చక్కగా దిగుతుంది. కాల్చిన వంకాయ, క్యాప్సికంతో చేసే జకుస్క, చిక్కుడు గింజల ముద్ద కూడా అడగండి. చేప తినేవాళ్ళు ఇంట్లో ఉంటే, లిపొవాన్ల పల్లెల్లో చేపల పులుసు వదలొద్దు. మతాచారాల గొడవతో రష్యా నుంచి తరలివచ్చి డెల్టాలో స్థిరపడిన జాలరి కుటుంబాలు వాళ్ళు.

ప్రశ్న: వీసా ఏది తీసుకోవాలి? బల్గేరియా తీరం కూడా కలిపిన ప్యాకేజీ చూపిస్తున్నారు. – నాగర్‌కర్నూల్ పాఠకుడు

షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా. 2025 జనవరి 1 నుంచి రుమేనియా, బల్గేరియా రెండూ పూర్తిగా షెంగెన్‌లో ఉన్నాయి, ఒకే వీసా సరిపోతుంది. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. ప్యాకేజీలో రాత్రులు సమానమైతే ముందు దిగే దేశానికి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకు 45. ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల లోపుకు రానివ్వకండి. మే యాత్రకు ఫిబ్రవరిలోనే పెట్టండి, మార్చి నుంచి రద్దీ. పాస్‌పోర్టు పదేళ్ళ లోపు జారీ అయ్యి, తిరిగొచ్చే రోజు తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలది. పెద్దవాళ్ళకైతే పాత జబ్బులు అందులో కలుస్తాయో లేదో చదివి కొనండి. రుమేనియాలో డబ్బు లేయి, బల్గేరియాలో 2026 నుంచి యూరో. డెల్టా సరిహద్దు ప్రాంతం, పాస్‌పోర్టు ఎప్పుడూ దగ్గరుండాలి.

ప్రశ్న: ఉక్రెయిన్ పక్కనే కదా, భయం లేదా? – గద్వాల

కిలియా పాయే సరిహద్దు. నది అవతల ఉక్రెయిన్ రేవుల మీద 2023 నుంచి డ్రోన్ దాడులు జరుగుతున్నాయి, కొన్ని ముక్కలు తుల్చా జిల్లాలో పడ్డాయి. కాబట్టి సులీనా, స్ఫింతు గెయోర్గె పాయల్లో తిరిగే యాత్రే ఎంచుకోండి. ఫోన్‌కు ఆర్‌ఓ-అలర్ట్ అనే సైరన్ సందేశం వస్తే గైడు చెప్పినట్టు చేయండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన వింత వస్తువును ముట్టుకోవద్దు, నల్లసముద్రంలో మైన్లనే మందుపాతరలు తేలుతున్నాయి. మామూలు ప్రయాణ బీమాలు యుద్ధ నష్టాన్ని కలుపుకోవు. అందుకే దారి మారిస్తే ఏమిటి, రద్దయితే ఎంత వాపసు అన్నది కంపెనీతో రాయించుకోవాలి.

ప్రశ్న: నాగార్జునకొండ మా ఇంటి పక్కనే. అంత దూరం పోయి మళ్ళీ మొండిగోడలే చూడాలా? ఏది చూడొచ్చు, ఏది వదిలేయొచ్చు? – ఒక డిగ్రీ అధ్యాపకుడు, హాలియా

నాగార్జునకొండ తెలిసినవాళ్ళకే హిస్త్రియా ఎక్కువ అర్థమవుతుంది. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలో మిలేటస్ అనే గ్రీకు పట్నం నుంచి వచ్చినవాళ్ళు సముద్రపు అఖాతం ఒడ్డున కట్టిన రేవుపట్నం అది. తర్వాత డాన్యూబ్ మోసుకొచ్చిన ఇసుక దిబ్బలుగా పేరుకొని అఖాతాన్ని మూసేసింది, సముద్రం సినోయె సరస్సుగా మారింది, రేవు రేవు కాకుండా పోయింది. మన దగ్గర లోయను ఆనకట్ట నీళ్ళు ముంచాయి, 1954 నుంచి 1960 దాకా తవ్వి దొరికింది గుట్టమీదికి చేర్చారు. అక్కడ నీళ్ళే దూరం జరిగాయి. తవ్వకం 1914లో మొదలైంది.

అక్కడ మొదట చూడాల్సింది ప్రాకారం. క్రీస్తుశకం 3వ శతాబ్దం నడిమిట్లో గోత్ అనే తెగవాళ్ళు పట్నాన్ని కొల్లగొట్టాక, బతికినవాళ్ళు చిన్న వైశాల్యం చుట్టూ గోడ కట్టుకున్నారు. తొందరలో దొరికిన రాయల్లా పెట్టారు. స్తంభాల ముక్కలు, శాసనాల పలకలు తలకిందులుగా గోడలో కనబడతాయి. గైడు చూపించకపోతే దాటిపోతాం. సుమారుగా ఆ కాలానికే మన విజయపురిలో (నాగార్జునకొండ పాత పేరు) ఇక్ష్వాకులు ఏలుతున్నారు. సాయంత్రం 5కు పోండి, ఏటవాలు వెలుగులో రాతిమీది అక్షరాలు తేలుతాయి, శిథిలాల నడుమ తాబేళ్ళు తిరుగుతాయి. వాటిని చేత్తో ఎత్తవద్దు. బెదిరి ఒంట్లో దాచుకున్న నీళ్ళు వదిలేస్తాయి, ఎండాకాలానికి అవే ఆధారం.

కాన్‌స్టాంట్సా పట్నం పాత పేరు తోమిస్. రోమన్ కవి ఓవిడ్‌ను అగస్టస్ చక్రవర్తి క్రీస్తుశకం 8లో అక్కడికి వెళ్ళగొట్టాడు. తర్వాతి చక్రవర్తి టైబీరియస్ కూడా వెనక్కి పిలవలేదు, కవి అక్కడే పోయాడు. మీ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల మీద ఉన్న ముఖాలు ఎక్కువగా ఈ ఇద్దరివే. క్లాసులో చెప్పడానికి పనికొస్తుంది. 1887 నాటి ఓవిడ్ విగ్రహం, దాని వెనకే ఉన్న మ్యూజియం, 1910 నాటి కాసినో భవనం ఒక పూటలో అయిపోతాయి.

ఆడమ్‌క్లిసి దగ్గరి రోమన్ చక్రవర్తి ట్రాజన్ విజయ స్మారకం క్రీస్తుశకం 109 నాటిదే గానీ, బయట కనిపించేది 1977లో తిరిగి కట్టిన తొడుగు. అసలు రాతి పలకలు పక్క ఊరి మ్యూజియంలో ఉన్నాయి. సమయం లేకపోతే స్మారకం మాని మ్యూజియం చూడండి. సులీనాలో 1870 నాటి లైట్‌హౌస్, అన్ని మతాలవాళ్ళూ పక్కపక్కన ఉన్న శ్మశానం చూడదగ్గవి. నదికి సున్నా మైలురాయి ఆ ఊరే. డాన్యూబ్ దూరాన్ని పుట్టిన చోటి నుంచి కాకుండా సముద్రం నుంచి వెనక్కి లెక్కపెడతారు. వదిలేయాల్సి వస్తే మమాయా బీచ్ హోటళ్ళను వదిలేయండి.

ప్రశ్న: గడ్డిలో పురుగూ పుట్రా? – నారాయణపేట

పాముకన్నా పిడుదు పెద్ద సమస్య. లైమ్ జబ్బు దాని కాటుతోనే వస్తుంది. లేతరంగు ప్యాంటు వేసి, కొసలు సాక్సులోకి దూర్చండి. రాత్రి స్నానం ముందు మోకాలి వెనక, గజ్జలు, చంకలు, చెవుల వెనక వెతకండి. అంటుకుంటే సన్నమూతి పట్కారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిటారుగా లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయొద్దు, అది లోపలిది కక్కుతుంది. తేదీ రాసిపెట్టుకోండి. నెలలోపు కాటు చుట్టూ ఎర్రటి వలయం పాకితే డాక్టరుకు ఆ తేదీతో సహా చెప్పాలి.

ప్రశ్న: ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చేముందు ఏం చూడాలి? అంత ఖర్చు పెట్టలేనివాళ్ళకు దగ్గరలో ఏమైనా ఉందా? – దేవరకొండ పాఠకులు ఇద్దరు

గైడు ఒకరికి ఎంతమంది? 8 అయితే మంచిది, 12 దాటితే టెలిస్కోప్ దగ్గర క్యూ కడతారు. డెల్టాలో పడవ మీ గుంపుదేనా, అందరితో కలిపా? పక్షుల గైడూ చరిత్ర చెప్పే మనిషీ ఒకరేనా? ఒంటరిగా పోతే గదికి అదనం ఎంత? రిజర్వ్ చీటీలు, మ్యూజియం టికెట్లు ధరలో ఉన్నాయా? హైదరాబాద్ నుంచి బుకారెస్ట్‌కు నేరు విమానం లేదు, దారిలో మారాలి. బుకారెస్ట్ నుంచి తుల్చాకు రోడ్డు మీద దాదాపు నాలుగు గంటలు. రాత్రి దిగి అప్పుడే బయలుదేరే ప్లాన్ ఒప్పుకోవద్దు. విదేశీ ప్యాకేజీ మీద కట్ చేసే టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) ఖర్చు కాదు, మీ పాన్ నంబరు సరిగ్గా ఇచ్చి ఆదాయపన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోండి.

దగ్గరలో కావాలంటే గడ్డినేల, కడలి, చిత్తడి మూడూ పక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. నంద్యాల జిల్లా రోళ్ళపాడును 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. ఆ పిట్ట ఇప్పుడు కనబడుతుందని ఆశ పెట్టుకోవద్దు గానీ, కృష్ణజింకలు, పొద్దుగుంకే వేళ గడ్డిలోకి దిగే హ్యారియర్ గద్దలు ఉంటాయి. అక్కడి నుంచి సూళ్ళూరుపేట వైపు పోతే నేలపట్టులో నీళ్ళల్లో నిలిచిన చెట్లమీద మన బూడిదరంగు గూడబాతుల గూళ్ళు, పులికాట్‌లో ఫ్లెమింగోలు. డిసెంబరు, జనవరి నెలలు మంచివి, నాలుగు రోజులు చాలు. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యనుంచే పోతుంది. ఉదయం పోయేటప్పుడు తూర్పు ఎండ కళ్ళల్లో పడుతుంది కాబట్టి, కొంత దూరం పోయి బండి తిప్పుకొని, వచ్చేటప్పుడు సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకొని చూడండి. నీళ్ళు మరీ తగ్గిన ఏడు పక్షులు రోడ్డుకు దూరంగా జరుగుతాయి, బయలుదేరేముందు అటవీశాఖ వాళ్ళను నీటిమట్టం అడిగి పోవాలి.